రెండు పిట్టగోడలు

బస్సెక్కినప్పుడు మీలో ఎంతమంది డ్రైవరు మొహం చూస్తారు? ఎవరూ చూడరు. సీటు దొరికిందా, కిటికీ పక్కన దొరికిందా, సంచి ఎక్కడ పెట్టాలి, ఇవే మీ చింతలు. తప్పు పట్టడం లేదు. ఇప్పుడు నేనూ ప్రయాణికుణ్ణే, నేనూ అంతే. కానీ ఉద్యోగంలో నిన్ను బాగా భయపెట్టిన సంగతి ఏదైనా చెప్పమని చిన్నవాళ్లు అడిగినప్పుడల్లా, నా మొహాన్ని సరిగ్గా చూసిన ఒక ప్రయాణికురాలి తిట్టుతో మొదలుపెట్టాల్సి వస్తుంది. నా జబ్బు సంగతి నాకంటే ముందు ఆమెకే తెలిసింది మరి.

ఎనభైల మొదట్లో నేను తిరుపతి నుంచి కొండమీదికి బస్సు తోలేవాణ్ణి. డిపోలో ఘాట్ డ్రైవరు అంటే ఒక మర్యాద ఉండేది. చిత్తూరు రోడ్డు, మదరాసు రోడ్డు తోలేవాళ్లు మమ్మల్ని చూసి కాస్త అసూయపడేవాళ్లు. మేము కూడా ఆ అసూయకు తగ్గట్టే కాలరు సర్దుకుని తిరిగేవాళ్లం. ఎక్కడానికి ఒక రోడ్డు, దిగడానికి ఇంకొక రోడ్డు. దిగేది పాత రోడ్డు, మెలికలన్నీ దానికే. ఒక పక్క కొండ, ఇంకొక పక్క నడుము ఎత్తు కూడా లేని పిట్టగోడ, గోడ అవతల ఏమీ లేదు. దిగేటప్పుడు రోడ్డు చూడకూడదని నాకు ఘాట్ తోలడం నేర్పిన పెద్దాయన చెప్పాడు. పిట్టగోడ చూడాలి. దానికి కొట్టిన సున్నం తెల్లగా ఎటు తిరిగితే స్టీరింగు అటు తిప్పాలి. రోడ్డు మోసం చేస్తుందిగానీ గోడ చేయదనేవాడు. అన్నేళ్లూ నేను ఆ మాట మీదే దిగాను.

ఇక తిట్టు సంగతి. ఒకరోజు సాయంత్రం తిరుపతి బస్టాండులో బండి నిండుతూ ఉంది. నేను సీట్లో కూర్చుని పైనున్న అద్దంలో జనాన్ని చూస్తున్నాను. ముందు వరసలో ఒక నడివయసు ఆమె పూల బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఉన్నట్టుండి లేచి నిలబడింది.

"ఏం నాయనా, అద్దంలో నన్ను సూసి కన్ను కొడతాండావే! నీ వయసేంది, నా వయసేంది? కొండకు పొయ్యే బండిలో ఇదేం బుద్ది?"

బస్సంతా గొల్లుమంది. అందరికంటే ఎక్కువ నవ్వింది మా కండక్టరు. సత్యవేడు వైపు కుర్రాడు, నాకంటే చాలా చిన్న. తెలుగులో మొదలుపెట్టి అరవంలో ముగించే నోరు, ఒక్క నిమిషం ఊరుకోదు. "అయ్యో, మా అన్న అట్లాంటోడు కాదమ్మా, ఇంట్లో వదిన కొడతాది" అంటూ నా దగ్గరికి వచ్చాడు. వచ్చి నా మొహం చూశాడు. నవ్వు ఆపేశాడు.

"అన్నా, నీ ఎడంకన్ను సగానికి మూసుకోని ఉండాది."

అద్దంలో చూసుకున్నాను. నిజమే. కుడికన్ను ఎప్పటిలాగే ఉంది. ఎడమ రెప్ప మాత్రం దుకాణం కట్టేసేవాడు సగం దించిన తలుపులా వేలాడుతోంది. పైకెత్తాలని చూస్తే కనుబొమ్మ లేచింది, నుదుటి మీద ముడతలు లేచాయి, రెప్ప మాత్రం లేవలేదు. నొప్పి లేదు, మంట లేదు. నీళ్లు చల్లుకున్నాను. ఆ ట్రిప్పు ఎలాగో పూర్తయింది. మర్నాడు పొద్దున లేచి చూసుకుంటే రెండు కళ్లూ సమానంగా ఉన్నాయి. నిద్ర చాలక అలా అయిందనుకున్నాను. ఆ సాయంత్రం మళ్లీ వాలింది.

అప్పుడు పట్టుకుంది భయం. మా నాయన పోయే ముందు మూతి ఒక పక్కకు వంకరపోయింది, చెయ్యి పడిపోయింది, మూడు పూటలా మా అమ్మే తినిపించాల్సి వచ్చింది. నాకూ అదే వస్తోందనుకున్నాను. గుమాస్తాకు చెయ్యి నొప్పి పుడితే రెండో చేత్తో రాసుకుంటాడు. డ్రైవరుకు ఒళ్లే చదువు, ఒళ్లే సర్టిఫికెట్టు. అందులో కన్ను పోతే ఇంకేం మిగిలింది? అన్నం ముందు కూర్చుని కుడిచెయ్యి ఒకసారి, ఎడమచెయ్యి ఒకసారి పిడికిలి బిగించి చూసుకునేవాణ్ణి. మా ఆవిడ గమనించింది.

"కొండెక్కే జనం కండ్లన్నీ నీ మీదే గదయ్యా, దిష్టి తగలకుండా ఎట్లుంటాది?" అంది. ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకు ఇంటిల్లిపాదికీ దగ్గొచ్చింది. నా మొహం ఎవరూ చూడరని ఎంత చెప్పినా వినలేదు. ఆమె పుట్టిల్లు పుత్తూరు దగ్గర. విరిగిన ఎముకలు కట్టే ఊరు గదా, ఒళ్లు ఎక్కడ చెడినా ఆమెకు ముందు ఆ ఊరే గుర్తొస్తుంది. సరేనని పోయాం. కట్టు కట్టే పెద్దాయన నా రెప్పను బొటనవేలితో ఎత్తి, వదిలి, ఎత్తి, వదిలి, "ఇది ఎముక కాదు నాయనా, మా పని గాదు. పెద్దాసుపత్రికి పో" అన్నాడు. డబ్బు కూడా తీసుకోలేదు. ఆ తీసుకోకపోవడం చూసి మా ఆవిడ మొదటిసారి భయపడింది.

ఇంకొక సాయంత్రం ఆమె నా రెప్ప ఎత్తి పట్టుకుని చలవకని ఆముదం చుక్క వేసింది. అప్పుడు గూట్లో ఉన్న దీపం నాకు రెండుగా కనిపించింది. కంట్లో నూనె పడితే అలాగే ఉంటుంది లెమ్మనుకున్నాను. ఈ దీపం సంగతి గుర్తుపెట్టుకోండి, నేను మర్చిపోయాను.

పెద్దాసుపత్రికి పోయాను. మా డ్రైవర్లకు ఒక అలవాటుంది. కళ్ల పరీక్ష ఉందంటే ముందురోజు సెలవు పెట్టి, తలంటుకుని, కడుపునిండా తిని, బాగా నిద్రపోయి పోతాం. డిపో వాళ్లు ఏడాదికోసారి చేసే పరీక్షకు అలాగే పోతాం, పాసవుతాం. ఇదీ పరీక్షే గదా అని అలాగే పోయాను. ఓపీ చీటీ రాయించుకుని, క్యూలో నిలబడి, నా వంతు వచ్చేసరికి నా కళ్లు పెళ్లికొడుకు కళ్లలా విచ్చుకుని ఉన్నాయి. నెరిసిన జుట్టు డాక్టరు గారు, మంచివారు, టార్చి వేసి చూశారు. గోడ మీద అక్షరాలు చదవమన్నారు. కింది వరస దాకా గడగడా చదివాను.

"రెప్ప బాగానే ఉందే?"

"సాయంత్రానికి వాలతాది సార్."

"సాయంత్రమైతే నాకూ వాలుతుందయ్యా" అని నవ్వారు. తర్వాత నవ్వు తగ్గించి, "వాలినప్పుడు రా, చూస్తాను" అన్నారు. వెనక యాభైమంది కన్నీళ్లు కారుస్తూ నిలబడి ఉంటే ఆయన మాత్రం ఇంకేం చేస్తారు?

వాలినప్పుడు పోయాను. సాయంత్రం ఓపీ ఉండదు. ఉండేది అత్యవసరం వార్డు ఒక్కటే. గుమ్మంలో అటెండరు నన్ను ఎగాదిగా చూసి అడిగాడు.

"దెబ్బ తగిలిందా?"

"లేదు."

"పాము కరిసిందా?"

"లేదు. రెప్ప వాలింది."

"రెప్ప వాలితే పండుకోవాలప్పా, ఈడికి రాకూడదు. పొద్దన్నే ఓపీకి రా."

పొద్దున పోతే జబ్బు ఉండదు, జబ్బు ఉన్నప్పుడు డాక్టరు ఉండరు. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నానుగానీ ఆ రోజు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఒంటికంటితో.

డిపోలో డ్యూటీలు వేసే ఆయన్ను బతిమాలి పొద్దుటి ట్రిప్పులే వేయించుకున్నాను. కన్ను సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆసుపత్రిలో బాగుందన్నారు గదా అన్నాడు, అయినా పాపం మార్చాడు. కొన్నాళ్లు బాగా జరిగింది. మధ్యాహ్నానికి ఇంటికొచ్చి పడుకునేవాణ్ణి. సాయంత్రం రెప్ప వాలినా చూసేది మా ఆవిడ ఒక్కతే.

బ్రహ్మోత్సవాలు వచ్చాయి. సెలవులన్నీ రద్దు, డ్యూటీకి డ్యూటీ అంటుకుపోయింది. తిరుపతిలో ఆ రోజుల్లో మనిషికి మనిషి తగలకుండా నడవలేం. పొద్దున ఎక్కినవాణ్ణి మధ్యాహ్నం దిగితే, బండి దగ్గరే ఇంకొక ట్రిప్పు రాసి ఉంచారు. "సాయంత్రం నావల్ల కాదు సార్" అన్నాను. "ఈరోజు ఎవరివల్లా కాదు. జనం అలిపిరి దాకా నిలబడి ఉండారు, సూడు. ఒక్క ట్రిప్పు" అన్నాడు డ్యూటీలు వేసే ఆయన. గొంతు పోయి ఉంది ఆయనకు. పోయి ఎక్కాను.

ఎక్కడం బాగానే ఎక్కాం. కొండమీద బస్టాండులో బండి ఆపి అద్దం చూసుకుంటే ఎడమ రెప్ప కంటిపాప మీదికి పూర్తిగా దిగిపోయి ఉంది. ఇంకో పావుగంటలో బయల్దేరాలి. పొద్దు వాలుతోంది. కండక్టరు పక్కకొచ్చి నిలబడ్డాడు. వాడికి అన్నీ తెలుసు.

"అన్నా, నీకు రోగం యాడుండాది? రెప్పలో. రెప్ప పైకి నిలబడితే సరిపోతాది గదా?" అన్నాడు.

బండిలో మందుల పెట్టె ఒకటి ఉంటుంది. దాంట్లో ఎప్పుడూ ఎండిపోయిన దూది తప్ప ఏమీ ఉండదు. ఆ రోజు మా ఖర్మకు ప్లాస్టరు చుట్ట కూడా ఉంది. వాడు ముక్క కత్తిరించి, నా రెప్పను పైకెత్తి, కనుబొమ్మకు కలిపి అతికించాడు. అద్దంలో చూసుకున్నాను. కన్ను తెరుచుకుని ఉంది. "సూడు, కొత్త పెండ్లికొడుకు మాదిరి ఉండావు" అన్నాడు. మాకు ఇంత సులువైన ఉపాయం ఇన్నాళ్లూ తట్టనందుకు ఇద్దరం నవ్వుకున్నాం. అప్పటికి వెలుతురుంది, బండి నిలబడి ఉంది, నేను చూసింది నా మొహాన్ని మాత్రమే. గుండ్లు కొట్టించుకుని గంధం పూసుకున్న జనంతో బండి నిండింది. వాడు విజిల్ వేశాడు. కదిలాం.

మొదటి మలుపులు ఎప్పటిలాగే తిరిగాయి. తర్వాత లైట్లు వేశాను. లైటు పడగానే పిట్టగోడ రెండుగా చీలింది.

చీలడం అంటే మసకగా కాదు. రెండూ స్పష్టంగానే ఉన్నాయి. ఒకటి ఉండాల్సిన చోట, ఇంకొకటి దానికి కాస్త పైన, పక్కకు జరిగి. రెండిటికీ సున్నం ఉంది, రెండూ తెల్లగా వంపు తిరుగుతున్నాయి. ఒకటి నిజం, ఒకటి ఉత్తుత్తిది. ఏది ఏదో తెలియదు. ఒకదాన్ని నమ్మితే రోడ్డు మీద ఉంటాం, రెండోదాన్ని నమ్మితే గాల్లో ఉంటాం. గోడ మోసం చేయదని నేర్పిన పెద్దాయన మాట ఆ క్షణాన అబద్ధమైపోయింది. ముందు పోయే బస్సు ఎర్ర దీపాలు నాలుగయ్యాయి. మలుపు వచ్చేసింది. కళ్లను వదిలేసి చేతులకు ఉన్న జ్ఞాపకంతో స్టీరింగు తిప్పాను. బండి తిరిగింది. వెనక జనమంతా ఒక్క గొంతుతో "గోవిందా!" అన్నారు. ప్రతి మలుపుకూ అంటారు, అది వాళ్ల సంతోషం. నాకు మాత్రం ఆ కేక విని ఒళ్లు జలదరించింది.

"ఈడికి రా" అని కండక్టరును పిలిచాను. "పిట్టగోడలు ఎన్నుండాయి?"

"ఏందన్నా?"

"ఎన్నుండాయో సెప్పు."

"ఒకటే గదన్నా."

"నాకు రెండుండాయి."

వాడు నా మొహాన్నీ గోడనూ మార్చి మార్చి చూశాడు. ప్లాస్టరు పట్టుకుని ఒక్క లాగు లాగాను. కనుబొమ్మ వెంట్రుకలు సగం దాంతో వచ్చాయి. రెప్ప కిందికి పడింది. పడగానే గోడ ఒక్కటయింది. అప్పుడు గూట్లో దీపం గుర్తొచ్చింది. మేము జబ్బు అనుకున్న రెప్ప, అసలు జబ్బును ఇన్నాళ్లూ కప్పి ఉంచింది. రెండు కళ్లూ రెండు వైపులకు చూస్తుంటే, వాలిన రెప్పే ఒకదాన్ని మూసి నన్ను కాపాడుతూ వచ్చింది. దాన్ని ఎత్తి అతికించుకుని మేము నవ్వుకున్నాం.

గోడ ఒక్కటయిందిగానీ భయం తగ్గలేదు. ఒంటికంటికి దూరం తెలియడం లేదు. ఎర్ర దీపాలు దగ్గరున్నాయో, మలుపు అవతలున్నాయో అర్థం కాలేదు.

"మెల్లిగా పోనీ అన్నా" అన్నాడు కండక్టరు, నా చెవి దగ్గర. "ఇంకొంచేపట్లో అలిపిరి వస్తాది. ఈడ నిలబెడితే మనల్ని సంపేస్తారు. ఉద్యోగం పోతాదన్నా."

పైనున్న అద్దంలో చూశాను. వరసలు వరసలుగా గుండ్లు, గంధం. అందరి కంటే ముందు ఒక తల్లి భుజం మీద అప్పుడే పుట్టువెంట్రుకలు తీయించిన పసిబిడ్డ, నిద్రలో నోరు తెరుచుకుని ఉంది. ఎవరూ నా వైపు చూడటం లేదు. చూసి ఉంటే ఒక్కరైనా దిగిపోయేవాళ్లు. ఉద్యోగం పోతుందన్న భయం, వీళ్లు పోతారన్న భయం, రెండూ ఒకేసారి పట్టుకున్నాయి. "దిగి ముందు నడువు" అన్నాను వాడితో. "కొండ పక్కకు ఆపుతాను. ఎంత దూరముండానో నువ్వే సెప్పల్ల."

వాడు దిగాడు. లైట్ల వెలుగులో నాకు ఎదురుగా, వెనక్కి వెనక్కి నడుస్తూ, రెండు చేతులూ ఊపుతూ, రా, రా, ఇంకా రా, అని బండిని బిడ్డను నడిపించినట్టు నడిపించాడు. కొండకు ఆనుకుని ఆపాను. వాడు పరుగెత్తి రాళ్లు తెచ్చి చక్రాల కింద పెట్టాడు. అప్పుడు ఇంజను ఆపాను.

వెనక బండ్లన్నీ ఆగిపోయి హారన్లు కొట్టాయి. బండి చెడిందని కండక్టరు చెప్పాడు. జనం దిగారు. ఒక పెద్దమనిషి నా దగ్గరికొచ్చి, రెప్ప పడిపోయిన నా కన్ను చూసి గట్టిగా అరిచాడు: "బండికేం కాలేదప్పా! తాగినాడు వీడు! కన్ను సూడండి!" ఒక్కసారిగా అందరూ నా మొహం చూశారు. జీవితంలో ఎప్పుడూ అంతమంది చూడలేదు. స్వామి కొండ మీద తాగి బండి తోలినవాడని ఒకావిడ దుమ్మెత్తి పోసింది. తిట్టనీ అనుకున్నాను. అందరూ నేల మీద నిలబడి తిడుతున్నారు, అంతే చాలు. వెనక బండ్లలో ఇద్దరు ముగ్గురు చొప్పున సర్దుకుని కిందికి పోయారు. వాళ్లే అలిపిరిలో ఫిర్యాదు చేశారు. ఇంకొక డ్రైవరును వెంటబెట్టుకుని మా డిపో మేనేజరు జీపులో వచ్చాడు.

"నోరు తెరువు" అన్నాడు. తెరిచాను. వాసన లేదు. అయినా నమ్మలేదు, నా మొహం అలా ఉంది. "తాగినాడో లేదో డాక్టరే రాసిస్తాడు. పద" అని నన్ను అదే జీపులో ఎక్కించుకున్నాడు. కండక్టరు అడగకుండానే ఎక్కాడు.

జీపు పోయి ఆగింది ఆ అత్యవసరం వార్డు ముందే. గుమ్మంలో అదే అటెండరు. ఈసారి వెంట మేనేజరు ఉన్నాడు, పోలీసు కేసు అవుతుందేమోనన్న గొడవ ఉంది, వెంటనే దారి వదిలాడు. రెప్ప వాలితే రానివ్వలేదు, తాగానంటే రానిచ్చారు. ఆ భయంలోనూ నాకు నవ్వొచ్చింది.

డ్యూటీలో ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ. గీత గీసి దాని మీద నడవమంది. నడిచాను. మేనేజరు చెప్పిందంతా విని, ఆయన వైపు కాకుండా నా వైపు తిరిగింది.

"ఏమప్పా, తల కదపకుండా నా వేలు చూడు. పైకి. అలాగే చూస్తూ ఉండు."

చూస్తూ ఉన్నాను. ఎడమ రెప్ప మెల్లగా, మెల్లగా, మూతపడింది. అంతవరకూ బాగున్న కుడి రెప్ప కూడా వాలడం మొదలుపెట్టింది. నా చుట్టూ గది పైనుంచి కిందికి మాయమవుతూ వచ్చింది. రెండో కన్ను కూడానా అనుకున్నాను. ఆమె కళ్లు మూసుకుని పడుకోమంది. కాసేపటికి తెరవమంది. తెరిస్తే రెండు రెప్పలూ పైకి లేచాయి. మేనేజరు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"ఈయన తాగలేదు సార్" అంది డాక్టరమ్మ. తర్వాత నన్ను అడిగింది: "నీళ్లు తాగేటప్పుడు పొలమారుతోందా? సాయంత్రం మాట ముద్దగా వస్తోందా?"

ఒకటి రెండుసార్లు పొలమారింది. ఎవరు తలచుకున్నారోనని మా ఆవిడ నెత్తి మీద తట్టింది. అది చెప్పగానే ఆమె మొహం మారింది. రెప్పలో ఉన్న నీరసమే గొంతుకు దిగవచ్చు, అక్కడి నుంచి ఊపిరికి దిగవచ్చు, వార్డులో ఉండాల్సిందే అంది. అప్పటిదాకా కన్ను పోతుందని భయపడ్డాను. ఆ మాటతో కన్ను సంగతి చిన్నదైపోయింది.

మర్నాడు నెరిసిన జుట్టు డాక్టరు గారు వచ్చారు. నన్ను గుర్తుపట్టారు. రెప్పలు అలిసేదాకా పైకి చూడమని, వాలాక ఒక సూది వేయించారు. మా ఆవిడ, కండక్టరు మంచం పక్కన నిలబడి ఉన్నారు. కడుపులో మెలిపెట్టింది, నోట్లో నీళ్లూరాయి, అంతలో ఎవరో తాడు పట్టుకుని లాగినట్టు రెప్ప లేచింది. పైన తిరిగే ఫ్యాను అంతకుముందు రెండు, ఇప్పుడు ఒకటి. మా ఆవిడ పెద్దగా ఏడ్చేసింది. డాక్టరు గారు మంచం మీద కూర్చుని, "నువ్వు చెప్పింది నిజమేనయ్యా. నేను చూసిన వేళ వేరు, నీకు వాలిన వేళ వేరు" అన్నారు. అంత పెద్దాయన మంచం మీద కూర్చోవడమే నాకు ఎక్కువ.

జబ్బు సంగతి డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. నరం చెప్పే మాట కండరానికి అందే చోట లోపమట. మొదట్లో అందుతుంది, పని చేయగా చేయగా అందదు, కాసేపు ఊరుకుంటే మళ్లీ అందుతుంది. "దిగేటప్పుడు బ్రేకు ఊరికే తొక్కితే కాగిపోయి పట్టదు, నిలిపి సల్లారిస్తే పడతాది. అట్లనామ్మా?" అన్నాను. ఆమె నవ్వి, "అంతే అనుకో" అంది.

పక్క మంచంలో ఒక రైతు ఉండేవాడు. కళ్లంలో నేల మీద పడుకుని లేచేసరికి రెండు రెప్పలూ వాలి, మాట పడిపోయిందట. ఒంటి మీద గాటు లేదు. నిద్రమత్తు అనుకుని ఇంట్లోవాళ్లు ఊరుకుని ఉంటే పోయేవాడే, అది కట్లపాము. అతన్ని చూపించి డాక్టరమ్మ చెప్పిన మాటలు మీకూ చెబుతాను. రెప్ప వాలడం ఒక్క జబ్బు కాదు. కొందరికి పుట్టుకతో ఉంటుంది, చిన్నప్పుడే చూపిస్తే చూపు నిలుస్తుంది. నా వయసుకొచ్చినవాళ్లకు తోలు సాగి వాలుతుంది, అది ముసలితనం. కానీ నిన్న లేనిది ఇవాళ వాలినా, దాంతో తల పగిలే నొప్పి వచ్చినా, ఒక కంటిపాప రెండోదానికంటే పెద్దగా కనిపించినా, ఒకటి రెండుగా కనిపించినా, దిష్టి తీస్తూ కూర్చోవద్దు. రేపు పొద్దున చూద్దామనీ అనుకోవద్దు. ఏ వేళకు వాలితే ఆ వేళకే పోవాలి. అటెండరు అడ్డుపడితే పోట్లాడాలి.

ఇంటికి పంపేరోజు నేను అడగాల్సిన మాట అడిగాను. "మాత్రలు ఏసుకుంటే బండి తోలొచ్చా అమ్మా?"

"మాత్ర బలం తగ్గుతుంది, ఇంకో మాత్ర వేసుకోవాలి. ఆ మధ్యలో మలుపు వస్తే?" అంది డాక్టరమ్మ.

డిపోలో నాకు టైర్ల గోడౌనులో పని ఇచ్చారు. టైర్లకు మలుపులు లేవు. తోటి డ్రైవర్లు మొదట్లో తలుపు దగ్గర నిలబడి, "ఏమప్పా ఘాట్ డ్రైవరూ" అని ఎగతాళి చేసేవాళ్లు. తర్వాత ఒక్కొక్కరే లోపలికొచ్చి, ఎవరూ లేకుండా చూసి, "కొంచెం నా కండ్లు సూస్తావా" అని అడిగేవాళ్లు. వేలు ఎత్తి పట్టుకుని పైకి చూడమనేవాణ్ణి. నాకు తెలిసింది అంతే. ఎవరికీ వాలలేదు, దేవుడి దయ. స్టీరింగు పోయిన బాధ మాత్రం గోడౌనులో రబ్బరు వాసనతో పాటు రోజూ పీల్చాను.

నేను బతికి ఇంటికొస్తే నాకు గుండు కొట్టిస్తానని మా ఆవిడ మొక్కుకుంది. కొన్ని నెలలకు కొండకు పోయాం. దర్శనం అయి దిగే బండెక్కేసరికి సాయంత్రమయింది. కండక్టరు మా వాడే. మమ్మల్ని డ్రైవరు వెనక సీట్లో కూర్చోబెట్టాడు. డ్రైవరు కొత్త కుర్రాడు, కాలరు బాగా సర్దుకుని ఉన్నాడు. ఆ బండిలో అద్దంలోంచి డ్రైవరు మొహం చూసిన ప్రయాణికుణ్ణి నేనొక్కణ్ణే. రెండు కళ్లూ సమానంగా ఉన్నాయి.

బండి దిగుతోంది. నా కుడికాలు నాకు తెలియకుండానే ప్రతి మలుపు ముందూ బస్సు నేలను తొక్కుతోంది. చేతులు మోకాళ్ల మీద అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఇప్పుడు గేరు మార్చల్ల, ఇప్పుడు స్టీరింగు కొట్టల్ల, అని నోటిదాకా వచ్చిన మాటలు మింగుతున్నాను. ఆ రోజు నేను బండి ఆపిన చోటు రాబోతోందని తెలుసు. కుర్రాడు లైట్లు వేశాడు. తెల్లటి పిట్టగోడ వెలిగింది. అలా చూస్తూ ఉండగానే, మెల్లగా, రెండుగా చీలింది.

మాత్ర వేళ దాటిపోయింది. ఒళ్లంతా చెమట పట్టింది. మా ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"ఏమయ్యా?"

"గోడలు రెండయినాయి."

ఆమె నా గుండు మీద గంధం చెదరకుండా తువ్వాలుతో చెమట అద్దింది. కొంగు ముడి విప్పి మాత్ర తీసి నా అరచేతిలో పెట్టింది.

"కానీలే. తోలేది నువ్వు కాదు గదా" అంది.

నా పాదం నేల మీదినుంచి లేచింది. మాత్ర నోట్లో వేసుకున్నాను. మలుపు వచ్చింది, జనం "గోవిందా!" అన్నారు. ఆ ఘాట్ రోడ్డు మీద, ఉద్యోగంలో చేరిన నాటినుంచి మొట్టమొదటిసారి, నేను రెండు కళ్లూ మూసుకున్నాను.